గండి బండ మీద కూర్చుని కోతుల్ని చదవడం: తొలిసారి ఫీల్డుకు వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గండికి వెళ్లిన మొదటి నెలలో నేను 40 పేజీల నోట్సు రాశాను. వేంపల్లె దాటాక పాపాఘ్ని ఏరు కొండను చీల్చుకుని వస్తుందే, అక్కడ వీరాంజనేయస్వామి గుడికి కాస్త అవతల ఒక బండ మీద కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కనబడిందల్లా రాశాను. పేజీ తిప్పితే ఒక కొట్లాట. ఎవరు ఎవర్ని తరిమారు, ఎవరి చెవి చిరిగింది, ఒక్క కొబ్బరి చిప్ప కోసం ఎన్ని ఎగబడ్డాయి, అన్నీ ఉన్నాయి. మా గైడ్ సార్ ఆ పుస్తకం తిరగేసి ఒక్క మాటే అడిగారు. "ఇవి రోజులో ఎంతసేపు కొట్లాడుకుంటాయి? ఎంతసేపు ఊరికే కూర్చుంటాయి?" జవాబు లేదు. అవి ఊరికే కూర్చున్నప్పుడు నేనేమీ రాయలేదు కదా.

మన కన్ను ఎప్పుడూ గొడవ వైపే పరిగెడుతుంది. ఆ పరుగును ఆపి, ఏమీ జరగని నిమిషాన్ని కూడా మన చేత రాయించడమే ఈ పరిశోధనా పద్ధతులన్నీ చేసే పని. అవి నేర్చుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఒక బైనాక్యులర్ (8×42 చాలు), అట్ట, పెన్సిల్, గంట కొట్టే వాచీ, మూడు నాలుగు నెలల ఓపిక ఉంటే సరిపోతుంది. పెన్ను వద్దు. వానకు సిరా కారిపోతుంది, ఎండకు గడ్డకడుతుంది.

1. ముందు, అది ఏ కోతో తేల్చుకోండి

"కోతి గదా, ఇంకేముంది" అనుకోవద్దు. కడప, అనంతపురం, కర్నూలు గుట్టల్లో మనం చిన్నప్పటి నుంచి చూసే కోతి బోనెట్ మకాక్. శాస్త్రనామం మకాకా రేడియేటా. నడినెత్తిన వెంట్రుకలు పాపిడి తీసినట్టు చుట్టూ పరుచుకుని టోపీ పెట్టుకున్నట్టు ఉంటాయి. తోక చాలా పొడుగు, దాదాపు ఒంటి పొడుగంత. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా ఉండదు.

ఉత్తరాది కోతి రీసస్. దాని తోక ఒంట్లో సగం కూడా ఉండదు, నడుము కింది భాగం నారింజ ఎరుపులో మెరుస్తుంది, నెత్తి మీద టోపీ ఉండదు. మన రక్తం గ్రూపు పక్కన పాజిటివ్ అనో నెగటివ్ అనో రాస్తారే, ఆ ఆర్‌హెచ్ అనే మాట ఈ కోతి పేరు నుంచే వచ్చింది. ల్యాండ్‌స్టైనర్, వీనర్ 1940లో దాని రక్తంతో చేసిన ప్రయోగాల వల్ల. ఇక నల్ల మొహం, పొడుగు కాళ్లు, బూడిద రంగు ఒళ్లు ఉంటే అది కొండముచ్చు. దాని తిండి, గుంపు కట్టే తీరు అన్నీ వేరే. ఈ పద్ధతులు దానికీ పనికొస్తాయి గానీ, పట్టిక మాత్రం మళ్లీ కొత్తగా రాసుకోవాలి.

తోక గురించి ఇంతసేపు చెప్పడానికి కారణముంది. పాత పుస్తకాల్లో ఈ రెండు కోతులకూ సరిహద్దు పడమట తపతి, తూర్పున గోదావరి. ఆ గీత ఇప్పుడు చెదిరిపోతోంది. రీసస్ దక్షిణానికి జరుగుతూ బోనెట్ ఉండే చోట్లను ఆక్రమిస్తోందని సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా తదితరులు 2011లోనే రాశారు. ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) జాబితాలో ఇప్పుడు బోనెట్ మకాక్ ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాతి. ఊళ్లో పట్టుకున్న కోతుల్ని లారీలో వేసి వేరే జిల్లా అడవిలో వదిలేసే అలవాటు కూడా ఈ కలగాపులగానికి తోడ్పడుతుంది. కర్నూలు వైపు తుంగభద్ర ఒడ్డున పనిచేసేవాళ్లు ప్రతి గుంపులోనూ తోకలు చూడాలి. పొట్టి తోకది ఒక్కటి కనబడినా ఫోటో తీసి తేదీ, చోటు రాసి పెట్టుకోండి. మీ ప్రాజెక్టు విషయం వేరేదైనా సరే.

2. ఒకే ఒక్క ప్రశ్న

"గండి కోతుల ప్రవర్తన" అనేది ప్రశ్న కాదు, అట్ట మీద రాసుకునే పేరు. ప్రశ్నకు అవుననో కాదనో, ఎక్కువనో తక్కువనో జవాబు రావాలి.

నేను చివరికి తేల్చుకున్నది ఇది: శ్రావణ మాసం శనివారాల్లో గండికి జనం పోటెత్తుతారు. ఆ రోజుల్లో కోతులు చెట్ల మీది తిండి తినే సమయం తగ్గుతుందా? శనివారం ఎంత, జనం లేని మామూలు రోజు ఎంత, పోల్చి చూస్తే సరిపోతుంది.

సరిపోలేదు. మామూలు రోజు అని నేను ఎంచుకున్నది మంగళవారం. రెండు వారాల డేటా తీశాక గుడి ముందు కొబ్బరికాయలు అమ్మే అక్క నా షీటు చూసి నవ్వింది. "మంగళవారం ఆంజనేయునికి జనం రాకుండా యాడికి పోతారప్పా?" అంది. ఈ గడ్డ మీద పుట్టిన నాకు ఆ ముక్క తట్టలేదు. ఆ రెండు వారాలూ పోయినట్టే. తర్వాత బుధ, గురువారాలకు మార్చుకున్నాను.

పోల్చే రోజులు ఒకే వారంలో ఉండాలన్నది ఇంకో సంగతి. ఆషాఢంలోని బుధవారాన్ని శ్రావణంలోని శనివారంతో పోలిస్తే, మధ్యలో చెట్ల కాయలు మారిపోయి ఉంటాయి. తేడా వస్తే అది జనం వల్లో కాయల వల్లో ఎవరూ చెప్పలేరు.

3. కాగితాలు

అభయారణ్యంలో అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 28 కింద పరిశోధనకు అనుమతి తీసుకోవాలి. శ్రీలంకమల్లేశ్వరం లాంటి చోట్ల ఇది లేకుండా గేటు దాటకూడదు. రిజర్వు ఫారెస్టుకు డీఎఫ్ఓ (అటవీ అధికారి) ఆఫీసు, గుడి ఆవరణకు దేవస్థానం ఈఓ. దూరం నుంచి చూసి రాసుకోవడమే మీ పని, పట్టుకోవడం, రక్తం తీయడం, వల వేయడం ఉండవని దరఖాస్తు మొదటి వాక్యంలోనే రాయండి. ఒక ఆఫీసులో నా కాగితం రెండు నెలలు కదల్లేదు. తీరా చూస్తే "కోతులపై ప్రయోగాలు" అని నేనే రాసి ఇచ్చాను. "పరిశీలన" అని మార్చాక వారంలో సంతకం పడింది.

మీరు ఎర్రచందనం ప్రాంతంలో తిరుగుతున్నారని కూడా గుర్తుంచుకోండి. తెల్లారుజామున బ్యాగు, బైనాక్యులర్‌తో గుట్టెక్కే కొత్త మనిషిని బీటు గార్డు అనుమానించడం న్యాయమే. అనుమతి కాపీ జేబులో, ఇంకో కాపీ స్థానిక రేంజ్ ఆఫీసులో ఉండాలి.

4. మొహాలు నేర్చుకోవడం

మొదటి పది రోజులు డేటా తీయొద్దు. ఊరికే కూర్చోండి. తిండి పెట్టొద్దు, పిలవొద్దు, కళ్లలోకి అదే పనిగా చూడొద్దు. వాటి భాషలో చూపు నిలపడమంటే తగాదాకు పిలవడమే. గుడి కోతులు మనిషికి అలవాటుపడి ఉంటాయి కాబట్టి పని తొందరగా మొదలవుతుంది. గుట్ట లోపలి గుంపు అయితే పారిపోకుండా ఉండటానికే నెలలు పట్టొచ్చు.

ఒక్కో కోతినీ విడిగా గుర్తుపట్టలేకపోతే సగం ప్రశ్నలకు జవాబు దొరకదు. మగవాటికి చెవి గాట్లు, పెదవి చీలిక, తోక వంకర చూడండి. ఆడవాటికి మొహం ఎరుపు, మచ్చలు, చనుమొనల ఆకారం. పిల్లను కన్నవాటికి అవి సాగి ఉంటాయి, ఒకదానిలా ఇంకోదానికి ఉండవు. ఒక్కో కోతికి ఒక కార్డు చేసి ఎడమ, కుడి, ఎదుటి నుంచి ఫోటోలు అతికించుకోండి. వారం తర్వాత మీ స్నేహితుడు పేరు దాచి ఫోటో చూపిస్తే పదింట తొమ్మిది చెప్పగలిగినప్పుడే మొదలుపెట్టండి.

పేర్లు పెట్టాలా, నంబర్లా అన్న గొడవ పాతది. 1948లో ఇమానిషి బృందం కోషిమా దీవిలో జపాన్ కోతుల మీద పని మొదలుపెట్టినప్పటి నుంచి జపాన్ వాళ్లు పేర్లే పెట్టారు. 1953లో చిలగడదుంపను నీళ్లలో కడిగి తినడం మొదలుపెట్టిన పిల్ల కోతి ఇమో పేరు ఈరోజుకీ పాఠాల్లో ఉంది. పేర్లే నాకూ ఇష్టం, నోటికి తొందరగా వస్తాయి. కాకపోతే గుణాన్ని చెప్పే పేరు వద్దు. ఒకదానికి నేను "దొంగ" అని పెట్టాను. తర్వాత అది ఏం చేసినా నాకు దొంగతనంలాగే కనిపించింది. దాన్ని "గాటుచెవి" అని మార్చుకోవాల్సి వచ్చింది.

ఆడకోతులు పుట్టిన గుంపులోనే ఉంటాయి. మగవి పెద్దయ్యాక వేరే గుంపుల్లోకి వెళ్తాయి. కాబట్టి ఒక గండు కోతి నాలుగు రోజులు కనబడకపోతే చచ్చిపోయిందని రాసేయకండి.

5. ప్రవర్తనల పట్టిక, ఇక్కడే ఎక్కువమంది బోర్లా పడేది

కోతి చేసే ప్రతి పనికీ ఒక పేరు, ఆ పేరుకు ఒక నిర్వచనం రాసుకోవాలి. ఆ నిర్వచనంలో కంటికి కనిపించేది మాత్రమే ఉండాలి. దాని మనసులో ఏముందో ఉండకూడదు. మన తెలుగు ఇక్కడ సాయమూ చేస్తుంది, మోసమూ చేస్తుంది.

నా మొదటి నోట్సులో 17 చోట్ల "వెక్కిరించింది" అని ఉంది. దగ్గరగా చూస్తే అందులో మూడు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ఒకటి: పెదాలు వెనక్కి లాగి, రెండు వరసల పళ్లూ కనబడేలా నోరు సాగదీయడం. ఇది తక్కువ స్థాయి కోతి పెద్దదాని ముందు చేసేది, భయం, లొంగుబాటు. పెద్ద రెడ్డి ముందు చిన్న గుమాస్తా పళ్లికిలించినట్టు అనుకోండి, మన మాట దానికి సరిగ్గా అతుకుతుంది. రెండు: నోరు గుండ్రంగా తెరిచి, కనుబొమలు పైకి లాగి, చూపు నిలిపి తల ముందుకు విసరడం. ఇది బెదిరింపు. మూడు: పెదాలు టపటపా ఆడించడం. ఇది స్నేహం, దగ్గరికి వస్తున్నానని చెప్పడం. ఒకటి భయం, ఒకటి కోపం, ఒకటి పలకరింపు. మూడింటినీ నేను ఒకే మాట కింద తోసేశాను. గుడికి వచ్చే పిల్లలు పళ్లికిలించే కోతిని చూసి "చూడు, నవ్వుతాంది" అని దగ్గరికి పోయి రక్కించుకునేదీ ఇందుకే. భయపడ్డదానికి దారి లేకపోతే తిరగబడుతుంది.

"పేలు చూసుకోవడం" కూడా అంతే. వేళ్లతో బొచ్చు విడదీసి, ఏదో తీసి నోట్లో పెట్టుకోవడం వరకే నిర్వచనం. తీసింది పేనే అని రాయొద్దు. చాలాసార్లు అది పొక్కు, దుమ్ము, గోమారి లాంటిది. ఇక ఆ పని శుభ్రతకే పరిమితం కాదు, వాటి లోకంలో అది చెల్లుబాటయ్యే రూకలాంటిది. ఎవరు ఎవరికి ఎంతసేపు చూశారో రాస్తే ఎవరి మాట చెల్లుతుందో బయటపడుతుంది. చూసేది ఎవరు, చూపించుకునేది ఎవరు అన్నది తప్పకుండా విడిగా రాయాలి. మొదటి నెలలో అది కూడా నేను రాయలేదు.

తినడానికి రెండు గడులు పెట్టండి. నోట్లో నమలడం ఒకటి, చేతితో తీసి బుగ్గ సంచిలో కుక్కుకోవడం రెండోది. ఈ కోతులకు దవడల పక్కన సంచులుంటాయి. ప్రసాదం దొరికితే గబగబా కుక్కుకుని, చెట్టెక్కి తీరిగ్గా నమలడం చూస్తారు. ఒక్క గడే ఉంటే ఆ తీరిగ్గా నమిలే సమయాన్ని చెట్టు తిండి కింద రాసేస్తారు, నా ప్రశ్నకే మూలం పోతుంది. కొబ్బరి చిప్ప దొరికిన కోతి మాత్రం సంచిలో దాచలేదు. సామెత ఉండనే ఉంది కదా, అదీ అందరి ముందూ పట్టుకుని తిరుగుతుంది.

పట్టిక చిన్నగా ఉండాలి. కదలిక, విశ్రాంతి, చెట్టు తిండి, మనిషి తిండి, బుగ్గలో కుక్కుకోవడం, పేలు చూడటం, పేలు చూపించుకోవడం, గొడవ, ఆట, ఇతరం. ఇవి పది. ఇంతకు మించితే ఎండలో గుర్తుండవు.

6. ఎప్పుడు ఎవర్ని చూడాలి

ఈ అడుగులో ఓపిక పట్టినవాళ్లకు మిగతావన్నీ సులువే.

జీన్ ఆల్ట్‌మన్ కెన్యాలో బబూన్ల మీద పనిచేసిన శాస్త్రవేత్త. 1974లో ఆమె రాసిన ఒక వ్యాసం తర్వాత జంతు ప్రవర్తన చూసేవాళ్లందరి అలవాట్లూ మారాయి. ఆ వ్యాసం తేల్చిందేమిటంటే, కనబడింది కనబడినట్టు రాసుకుంటూ పోతే కనబడేవే ఎక్కువ పడతాయి. పెద్ద గండు, గట్టిగా అరిచేది, నేల మీద ఉన్నదే మీ పుస్తకంలోకి వస్తుంది. చెట్టు కొమ్మలో నిద్రపోతున్న ముసలి ఆడకోతి రాదు. కాబట్టి ఎవర్ని, ఎప్పుడు చూడాలో ముందే నియమం పెట్టుకోవాలి.

*స్కాన్.* 15 నిమిషాలకొకసారి వాచీ మోగగానే ఎడమ నుంచి కుడికి ఒక్క చూపు. ఒక్కో కోతి ఆ క్షణాన ఏం చేస్తోందో ఒక్క మాట. మొత్తం 5 నిమిషాల్లో అయిపోవాలి. మధ్యలో కుడివైపు గొడవ మొదలైనా చూపు దాటొద్దు, వరస వచ్చినప్పుడే రాయాలి. అది చాలా కష్టం. నాకు పది రోజులు పట్టింది. చెట్టు చాటున ఉన్నవి ఎన్నో ప్రతిసారీ రాయాలి. ఎందుకంటే నేల మీద మనిషి తిండి తినేవి బాగా కనబడతాయి, కొమ్మల్లో చెట్టు తిండి తినేవి కనబడవు. గుంపు 22 అయితే ఒక స్కాన్‌లో 9 మాత్రమే కనబడితే, ఆ 13 ఎక్కడున్నాయో మీ ఫలితానికే సంబంధం. పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకా చేస్తే రోజుకు 48 స్కాన్లు.

*ఫోకల్.* ఒక్క కోతిని ఎంచుకుని 10 నిమిషాలు దాన్నే చూడటం. ప్రతి పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో సెకన్లతో సహా రాయాలి. ఏ కోతి ముందో మీరు ఎంచుకోకండి. పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి పొద్దున్నే తీయండి. లేకపోతే రోజూ అందగత్తెలకే ముందు వరస దొరుకుతుంది. 10 నిమిషాల్లో 3 నిమిషాలకు మించి కనబడకుండా పోతే ఆ షీటు కొట్టేసి మళ్లీ తీయాలి.

*అరుదైనవి.* కొట్లాట, జత కట్టడం, వేరే గుంపు ఎదురుపడటం లాంటివి జరిగినప్పుడల్లా వేరే పేజీలో రాయండి. ఇది మీ కంటికి ఇష్టమైన పేజీ. స్కాన్ పేజీతో కలపకండి.

పెత్తనం కొలవడానికి గొడవ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఒకటి దగ్గరికి రాగానే ఇంకోటి చోటు వదిలి జరిగిందా? చాలు. వచ్చిందెవరు, జరిగిందెవరు. అడ్డం వరసలో పేర్లు, నిలువు వరసలో పేర్లు పెట్టి గడుల్లో సున్నాలూ గీతలూ వేసుకుంటే, నెల రోజుల్లో వరస తేలుతుంది. ఆడవాటిలో కూతురి స్థానం సాధారణంగా తల్లి కిందే ఉంటుంది, చాలాసార్లు చిన్న కూతురు అక్కను దాటిపోతుంది. ఇది మకాక్ జాతి కోతుల్లో చాలా చోట్ల చూసిన సంగతి. మీ పట్టికలో కనబడితే సంతోషించండి, కనబడకపోతే తల్లి ఎవరో మళ్లీ చూసుకోండి.

7. ఇద్దరు చూస్తే ఒకటే రాస్తారా?

స్నేహితుడితో కలిసి ఒకే కోతిని, ఒకే క్షణాన, ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయండి. 100 సార్లు. 90 సార్లు కలిసింది, బాగుంది కదా అనిపిస్తుంది. ఆగండి.

మధ్యాహ్నం కోతులు చాలాసేపు విశ్రాంతే తీసుకుంటాయి. మీరిద్దరూ 80 సార్లు "విశ్రాంతి" అనే రాశారనుకుందాం. కళ్లు మూసుకుని రాసినా 0.8ను 0.8తో గుణిస్తే 0.64, మిగతా పనులన్నీ ఒకే గడి అనుకుని 0.2ను 0.2తో గుణిస్తే 0.04, మొత్తం 0.68 దానంతటదే కలుస్తుంది. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా సూత్రం ఈ అదృష్టాన్ని తీసేస్తుంది. 0.90 లోంచి 0.68 తీసేస్తే 0.22. దాన్ని 1 లోంచి 0.68 తీసిన 0.32తో భాగిస్తే దాదాపు 0.69. పర్వాలేదు గానీ గొప్ప కాదు. 0.8 దాటే దాకా పట్టికలోని నిర్వచనాల మీద వాదించుకోండి. మా ఇద్దరికీ పోయిన మార్కులన్నీ "కదలిక"లో పోయాయి. కూర్చున్నచోటే తిరిగి కూర్చోవడం కదలికేనా అన్నది మేం రాసుకోలేదు.

8. చెట్లు, దారులు

కోతి ఏం తింటుందో రాస్తే సగమే. ఏం దొరుకుతుందో కూడా రాయాలి. మర్రి, రావి, మేడి, జువ్వి, నేరేడు, చింత, రేగు, సీతాఫలం లాంటివి గుంపు తిరిగే దారిలో ఒక్కో రకానికి 10 చెట్లు గుర్తుపెట్టుకోండి. నెలకొకసారి, ఒకటో తేదీన, లేత ఆకు, పువ్వు, కాయ, పండు ఎంతుందో 0 నుంచి 4 దాకా అంకె వేయండి. ఏమీ లేకపోతే 0, పావు వంతుకు 1, సగానికి 2, ముప్పావుకు 3, నిండుగా ఉంటే 4. విసుగు పుట్టించే పనే. కానీ ఏడాది చివర్లో ఈ పట్టికే మాట్లాడుతుంది.

పేరు తెలియని చెట్టు వస్తే ఫోటో, ఆకు, కాయ తెచ్చి గొర్రెల కాపర్లను అడగండి. ముందు వాళ్లను, తర్వాత బోటనీ సార్‌ను.

దారికి ఫోన్‌లో జీపీఎస్ సరిపోతుంది. 30 నిమిషాలకొకసారి గుంపు మధ్యలో ఒక చుక్క. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితంగానే దొరుకుతుంది, అందులో బయటి చుక్కల్ని కలిపితే గుంపు తిరిగే మేర వస్తుంది. రాత్రి పడుకునే చెట్టు లేదా బండ చీలికను వేరే గుర్తుతో వేయండి.

9. తోటలు, రైతులు

పులివెందుల, వేంపల్లె వైపు అరటి, చీనీ తోటలు, శెనక్కాయ చేన్లు గుట్టకు ఆనుకునే ఉంటాయి. కోతుల జీవావరణం అంటే వీటిని వదిలేసి రాయలేరు. "కోతులు ఎంత నష్టం చేశాయి?" అని అడిగితే వచ్చేది కోపం. అది నిజమే గానీ అంకె కాదు. చేలో 10 మీటర్ల చదరాలు గీసి, చెడిన మొక్కల్ని మీరే లెక్కపెట్టండి. శెనక్కాయ చెట్టును పీకి, కాయలు వలుచుకుని, తీగను పక్కన పడేసి ఉంటే కోతి. నేల దున్నినట్టు తవ్వేసి ఉంటే అడవిపంది. చీనీ కాయ కింద పడి ఉంటే కొరికిన పళ్ల గుర్తు చూడండి.

ఒక పెద్దాయన నాతో అన్నాడు: "అబ్బోడా, అవి తినేది తక్కువ, పారేసేది ఎక్కువ. నువ్వు తినేదే రాస్తాండావు." ఆ రోజు నుంచి పట్టికలో "పారేసింది" అనే గడి చేరింది.

మనిషి పెట్టే తిండి వాటి ప్రవర్తనను ఎంత మారుస్తుందో చూడాలంటే కర్ణాటకలోని బండీపూర్ అడవి సంగతి తెలుసుకోండి. అక్కడి బోనెట్ కోతులు టూరిస్టుల ముందు చెయ్యి చాచి, ఒక ప్రత్యేకమైన కూతతో తిండి అడుగుతున్నాయని అనింద్య సిన్హా బృందం 2018లో ప్రచురించింది. గండిలో కూడా కొన్ని చెయ్యి చాచినట్టు నాకనిపించింది. అనిపించడంతో ఆపేశాను, ఎందుకంటే నేను ఆ పనికి నిర్వచనం ముందుగా రాసుకోలేదు.

10. ఒళ్లు జాగ్రత్త, డేటా జాగ్రత్త

ఫీల్డుకు వెళ్లే ముందే రేబిస్ టీకా వేయించుకోండి. కరిచినా రక్కినా 15 నిమిషాలు పారే నీళ్లలో సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. "చిన్న గీతే" అని ఊరుకోకూడదు. కోతి పుండు బ్రహ్మరాక్షసి అంటారు, మన పుండు కూడా తక్కువేం కాదు. దగ్గు, జలుబు ఉంటే ఆ రోజు వెళ్లొద్దు, మన రోగాలు వాటికి అంటుతాయి. దగ్గరగా ఉన్నప్పుడు మాస్కు పెట్టుకోండి. గుట్టలో తిరిగాక ఒంటి మీద గోమార్లు చూసుకోండి. కర్ణాటకలో 1957లో బయటపడ్డ క్యాసనూరు అడవి జ్వరం గోమార్ల ద్వారానే వస్తుంది. ఏ అడవిలో అయినా కోతులు వరసగా చచ్చి పడి ఉంటే ముట్టుకోకుండా అటవీ, ఆరోగ్య శాఖలకు చెప్పాలి.

మే నెలలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా మీరూ నీడలో ఉండండి. కోతులు చేసేదీ అదే, స్కాన్ అక్కడి నుంచే తీయొచ్చు.

డేటా మాటకొస్తే: జూలైలో ఒక రోజు నీళ్లు తాగుదామని అట్ట పక్కన పెట్టాను. గాటుచెవి దాన్ని తీసుకుని చింతచెట్టెక్కింది. క్లిప్పు ఊడదీసి, ఒక్కో కాగితాన్నీ నమిలి చూసి, నచ్చక కిందికి వదిలింది. నాలుగు రోజుల షీట్లలో దొరికినవి ఒకటిన్నర రోజువి. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం షీట్లకు ఫోటో తీసి, ఇంటికొచ్చి ఎక్సెల్‌లో ఎక్కించి, ఇంకోచోట కాపీ పెట్టుకునేదాన్ని. ఆ రోజు రాసింది ఆ రోజే ఎక్కించాలి. వారం తర్వాత మీ రాతే మీకు అర్థం కాదు.

11. లెక్క కట్టడం

48 స్కాన్లు, స్కాన్‌కు సగటున 10 కోతులు అంటే రోజుకు 480 గీతలు. పది రోజులకు 4800. ఆ అంకె చూసి ఉబ్బిపోవద్దు. 15 నిమిషాల క్రితం నిద్రపోయిన కోతి ఇప్పుడూ నిద్రపోతుంటే అది కొత్త సమాచారం కాదు. ఒక రోజు అంతటికీ కలిపి చెట్టు తిండి శాతం ఒక్క అంకెగా తేల్చండి. పది రోజులకు పది అంకెలు. శనివారాల అంకెల్ని బుధ, గురువారాల అంకెలతో పోల్చాలి. శ్రావణంలో ఉండేవే నాలుగైదు శనివారాలు, కాబట్టి రెండేళ్లు చూడగలిగితే చూడండి.

ఎన్ని రోజులు చూసినా మీరు చూసింది ఒక్క గుంపునే. ఆ గుంపు గురించి రాయండి. "రాయలసీమ కోతులు" అని శీర్షిక పెట్టాలంటే లేపాక్షి, అహోబిలం, యాగంటి దాకా తిరగాలి, ఒక్కోచోట రెండు మూడు గుంపులైనా చూడాలి.

12. చూపించి రావడం

థీసిస్ ఇంగ్లీషులో ఉంటుంది, పర్వాలేదు. దాంతోపాటు తెలుగులో రెండు పేజీలు, ఒక మ్యాపు తీసుకుని మళ్లీ గండికి పోండి. దేవస్థానానికి ఒకటి, బీటు గార్డుకు ఒకటి, తోటల వాళ్లకు ఒకటి. అనుమతి షరతుల్లో అటవీ శాఖకు రిపోర్టు ఇవ్వాలని ఎటూ ఉంటుంది.

నేను మ్యాపు ఇచ్చినప్పుడు ఆ పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. గుంపు రాత్రి పడుకునే చోట నేను వేసిన చుక్క మీద వేలు పెట్టి, "ఆడ మర్రి ల్యా. మేడి చెట్టు" అన్నాడు. ఏడు నెలలు నేను ఆ చెట్టు కిందే కూర్చుని రాశాను. మర్నాడు పొద్దున పోయి చూశాను. మేడే.